మన యూరి గాలి – దాని కొలత – మన యారోగ్యము

విద్యార్థులారా,

మనము భుజించు నన్నమును చూచి భుజింతుము. త్రాగు నీటిని వడకట్టియో కాచియో త్రాగుదుము. పీల్చు గాలిని మాత్రము చూడక, వడకట్టక, అది యెట్టిదని విచారింపక పీల్చుచున్నాము. అన్నము లేక కొన్ని వారములును, నీరు లేక కొన్ని దినములును మనుజుడు ప్రాణముతో నుండగలడు. గాలి లేక కొన్ని నిమిషములైనను ఉండజాలడు. ఇంతటి యవసరమైన వస్తువును గూర్చి మనకింత తక్కువ తెలిసియుండుట వింతగదా!

ఈ పాఠమును వ్రాయుటకు మమ్ము పురికొల్పిన సంగతి యొకటి కలదు. అది మాకు గౌరవము తెచ్చునది కాదు. అయినను చెప్పుట మంచిదని తోచి చెప్పుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా యెనిమిదవ తరగతిలో నొక బాలుడుండెను. వాని తండ్రి రేవులో కూలిపని చేయువాడు. శీతకాలమున ప్రాతఃకాలపు డ్రిల్లులో ఆ బాలుడు ఎల్లప్పుడును వెనుకబడెడివాడు. ఒక చుట్టు పరుగెత్తి, రెండవ చుట్టులో నడుము పట్టుకొని నిలిచిపోయెడివాడు. మేము వానిని సోమరియని పలుమారులు అందరియెదుట మందలించితిమి. ఒకనాడు వాని తల్లి బడికి వచ్చి, “బాబుగారూ, వాడు బద్ధకస్తుడు కాడండి. చలికాలమొస్తే రాత్రుళ్లు పడుకోలేడు. గోడకానుకుని కూర్చునే తెల్లవారబెడతాడు” అని చెప్పెను. వైద్యుడు పరీక్షించి అది ఉబ్బసమని నిర్ణయించెను.

అంతటితో మా తప్పు ముగియలేదు. ప్రతిదినమును డ్రిల్లు వేళకే బడి యావరణములోని రాలిన ఆకులను, చిత్తు కాగితములను, వానితోపాటు ప్లాస్టికు సంచులను తలవాకిటి ప్రక్కన కుప్పగా పోసి కావలివాడు నిప్పుపెట్టెడివాడు. అట్లు చేయుమని వానికి చెప్పినవారము మేమే. శుభ్రతను గూర్చి పాఠము చెప్పుచు, ఆ పొగలోనే పిల్లలను పరుగెత్తించితిమి! ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో తరగతి గదికి కిటికీలెన్ని యుండవలెనో మాకు నేర్పిరి. ఆ కిటికీలగుండ వచ్చు గాలి యెట్టిదో విచారింపవలెనని మాకు తోచుటకు ఆ తల్లి రావలసి వచ్చెను.

1. గాలిలో నేమున్నది?

పొడిగాలిలో నూటికి సుమారు 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు, మిగిలిన దానిలో అధికభాగము ఆర్గాను. బొగ్గుపులుసు వాయువు నూటికి 0.04 పాలు మాత్రమే. ఇవి గాక నీటియావిరి కలదు. ఇది స్వభావసిద్ధమైన గాలి. దీనియందు పొగ, ధూళి, విషవాయువులు చేరినప్పుడు దానిని కలుషితమైన గాలి యందుము.

ఈ మాలిన్యములలో మనకు మిక్కిలి కీడు చేయునది సూక్ష్మధూళి. ధూళికణములను మైక్రాన్లతో కొలుతురు. ఒక మిల్లీమీటరును వేయి భాగములు చేసిన నందొక భాగము ఒక మైక్రాను. మన తల వెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్లకు మించని కణములను పి.ఎం. 10 అనియు, 2.5 మైక్రాన్లకు మించని కణములను పి.ఎం. 2.5 అనియు శాస్త్రజ్ఞులు వ్యవహరింతురు. అనగా రెండవ జాతి కణములను దాదాపు ముప్పదింటిని వరుసగా పేర్చినగాని ఒక వెండ్రుక మందము కాదు.

రోడ్డుమీద లేచు దుమ్ము, కట్టడముల సిమెంటు పొడి, కుప్పలనుండి ఎగురు బొగ్గుపొడి – ఇవి చాలవరకు ముతక ధూళి. డీజిలు బండ్ల పొగ, కట్టెలు పిడకలు మండిన పొగ, చెత్త తగులబెట్టిన పొగ – ఇవి సూక్ష్మధూళి. కర్మాగారముల పొగగొట్టములనుండి వెలువడు గంధకపు వాయువులును, బండ్లనుండి వచ్చు నత్రజని వాయువులును గాలిలో మార్పుచెంది మరల సూక్ష్మకణములుగా నేర్పడును. కావున కంటికి పొగ కనబడనంత మాత్రమున గాలి శుభ్రమని తలపరాదు.

2. శరీరమునందు జరుగునదేమి?

మన ముక్కులోని వెండ్రుకలును చీమిడియు మొదటి కావలివారు. వానిని దాటిన ముతక ధూళిని శ్వాసనాళములలోని జిగురు పట్టుకొనును. ఆ నాళముల లోపలి గోడలపై కంటికి కనబడని సన్నని నూగు కలదు. అది వరిచేను గాలికి ఊగినట్లు ఎడతెగక కదలుచు జిగురును పైకి నెట్టును. దానినే మనము దగ్గి ఉమ్మివేయుదుము.

సూక్ష్మధూళి ఈ కావలి నంతయు దాటి ఊపిరితిత్తుల చివరనున్న గాలితిత్తులలోనికి పోవును. మనకట్టి తిత్తులు సుమారు 30 కోట్లు కలవు. వాని గోడలు మిక్కిలి పలుచన. వాని గుండనే ప్రాణవాయువు నెత్తురులో కలియును. అచ్చట చేరిన ధూళివలన వాపు పుట్టును. అతిసూక్ష్మములైన కణములు నెత్తురులోనికిని ప్రవేశించును. అందుచేతనే కలుషితమైన గాలి దగ్గును, ఉబ్బసమును మాత్రమే గాక, గుండెపోటును, పక్షవాతమును, ఊపిరితిత్తుల పుట్టకురుపును గూడ కలిగించుచున్నది. 2013 సం.న ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థవారు బయటి గాలి కాలుష్యమును మనుష్యులకు కాన్సరు కలిగించు కారణములలో చేర్చిరి.

ఇచ్చట చిన్న లెక్క వేయుదము. పెరిగిన మనుజుడు దినమునకు సుమారు 10,000 లీటర్ల గాలిని, అనగా 10 ఘనమీటర్లను పీల్చును. ఒక ఘనమీటరు గాలిలో 60 మైక్రోగ్రాముల సూక్ష్మధూళి యున్నచో, దినమునకు లోపలికి పోవునది 600 మైక్రోగ్రాములు. అది ఒక మిల్లీగ్రామైనను కాదు. “ఇంతేనా!” యని మీరందురు. ఇది నేడొకనాటి సంగతి కాదు. ఏడాదికి 365 దినములు, ఆయుష్కాలమంతయు జరుగుచున్నది. పరుగెత్తునపుడు మనము విశ్రాంతిలో పీల్చుదానికి పలురెట్లు పీల్చుదుము. పిల్లలు తమ శరీరపు తూకమునకు పెద్దలకంటె నెక్కువ గాలి పీల్చుదురు. వారి ఊపిరితిత్తులింకను పెరుగుచుండును. పొగలో డ్రిల్లు చేయించుట యెంత తప్పో దీనినిబట్టి గ్రహింపుడు.

3. లండను నగరపు పాఠము

1952 సం. డిసెంబరు 5 మొదలు 9 వరకు లండను నగరమును దట్టమైన పొగమంచు కప్పెను. చలికి ఇంటింట బొగ్గు కాల్చిరి. విద్యుత్కేంద్రములును బొగ్గునే కాల్చుచుండెను. గాలి కదలలేదు. నేలనంటిన చల్లని గాలిమీద వెచ్చని గాలి మూతవలె నిలిచెను. పొగ పైకి పోవ దారిలేక వీధులలో నిండెను. సుమారు 4,000 మంది మరణించిరని నాడు లెక్కించిరి. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య 12,000 వరకు ఉండవచ్చునని యంచనా వేసిరి. ఆ దుఃఖమునుండి 1956 సం.న బ్రిటిషు వారి స్వచ్ఛవాయు శాసనము పుట్టెను. మన దేశమున వాయుకాలుష్య నివారణ చట్టము 1981 సం.న వెలసెను.

4. గాలిని కొలుచు విధము

మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారి పద్ధతి ప్రకారము 2015 సం. ఏప్రిలు నెలనుండి “గాలి నాణ్యతా సూచిక” అమలులోనికి వచ్చెను. ఎనిమిది మాలిన్యములను ఇందులో గణింతురు. అవి రెండు విధముల ధూళి, గంధకపు వాయువు, నత్రజని వాయువు, కార్బన్ మోనాక్సైడు, ఓజోను, అమ్మోనియా, సీసము. సూచిక 0 నుండి 500 వరకు ఆరు తరగతులుగా నుండును:

0 – 50: మంచిది.
51 – 100: సంతృప్తికరము.
101 – 200: మధ్యస్థము.
201 – 300: చెడ్డది.
301 – 400: మిక్కిలి చెడ్డది.
401 – 500: తీవ్రము.

సూక్ష్మధూళి ఘనమీటరునకు 30 మైక్రోగ్రాములున్న సూచిక 50. 60 ఉన్న 100. 90 ఉన్న 200. ముతక ధూళి 50 ఉన్న సూచిక 50. 100 ఉన్న 100. 250 ఉన్న 200. నడుమ నుండు విలువలను త్రైరాశికముచే కట్టవచ్చును.

ఉదాహరణము: ఒకనాడు సూక్ష్మధూళి 75, ముతక ధూళి 130 అనుకొందము. 75 అనునది 60కిని 90కిని సరిగా నడుమ నున్నది. కావున దాని సూచిక 100కిని 200కిని నడుమనుండు 150. ముతక ధూళి 100ను మించినది 30. నూటినుండి 250 వరకు గల 150 మైక్రోగ్రాములకు సూచిక 100 అంకెలు పెరుగును గనుక 30కి 20 పెరుగును. దాని సూచిక 120. ఈ రెంటిలో హెచ్చైన 150యే ఆనాటి సూచిక. సగటు కట్టరాదు. గణితమున తప్పిన విద్యార్థిని చరిత్ర మార్కులు గట్టెక్కింపనట్లే, ఒక మాలిన్యము హెచ్చుగా నున్నప్పుడు మరియొకటి తక్కువగా నుండుట మనకు రక్షణ కాదు.

ఈ సూచికను చదువునపుడు మూడు సంగతులు మరువరాదు.

మొదటిది: ధూళి విషయమున ఇది 24 గంటల సగటు. ఉదయము ఏడు గంటలకు పొగ దట్టముగా నుండి మధ్యాహ్నము తేటపడినను, సగటు చూచువానికి ఆ యుదయపు పొగ కనబడదు.

రెండవది: యంత్రమున్న చోటి గాలినే యంత్రము కొలుచును. జిల్లా సగటు వర్షపాతమును చూచి మన మడి తడిసినదని యనుకొనరాదు గదా! మీ వంటింటి పొగయు, మీరు వెంట నడచు లారీ పొగయు ఆ యంకెలో లేవు.

మూడవది: “సంతృప్తికరము” అను మాటను చూచి నిశ్చింతగా నుండరాదు. మన దేశపు ప్రమాణము ప్రకారము సూక్ష్మధూళి 24 గంటల సగటున 60, సంవత్సరపు సగటున 40 మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2021 సం.న ప్రకటించిన హద్దులు 15 మరియు 5. మన “మంచి” గాలిలోను వారి హద్దును దాటిన ధూళి యుండవచ్చును.

5. మన విశాఖపట్టణము

మన నగరము సముద్రతీరమున నున్నది. మనకు కాలుష్యమెక్కడిదని పలువురందురు. పటమును చూడుడు. దక్షిణమున డాల్ఫిన్స్ నోస్‌తో కూడిన యారాడ కొండలు, ఉత్తరమున కైలాసగిరి, సింహాచలపు కొండలు. నడుమ ఊరు గిన్నెలో నున్నట్లున్నది. ఆ గిన్నెలోనే 1933 సం.న రేవు తెరువబడినది. 1957 సం.న నూనెశుద్ధి కర్మాగారము వెలసినది. నగరమునకు దక్షిణముగా నిర్మింపబడిన ఉక్కు కర్మాగారము 1992 సం.న జాతికి అంకితము చేయబడినది. రేవులో బొగ్గు, ఇనుపరాయి దిగుమతి యెగుమతులు జరుగును. వీనికి తోడు నానాటికి హెచ్చు బండ్లు. ఇవియన్నియు మనకు బ్రతుకుతెరువిచ్చినవే. ఆ బాలుని తండ్రికి కూలియిచ్చినదియు ఆ రేవే. అయినను ఇచ్చిన యన్నముతోపాటు ఇచ్చిన ధూళిని గూర్చియు మాటాడుట కృతఘ్నత కాదు.

పగలు సముద్రపు గాలి భూమివైపు వీచును. రాత్రి నేల గాలి మెల్లగా సముద్రమువైపు మరలును. శీతకాలపు రాత్రులలో నేల త్వరగా చల్లబడి, లండనులో వలెనే గాలికి మూత యేర్పడును. ఆ పొగయు ధూళియు సూర్యుడెక్కి నేల వేడెక్కువరకు క్రిందనే నిలుచును. వర్షాకాలమున వానలు గాలిని కడుగును. అందుచే మనకు శీతకాలపు ప్రాతఃకాలము జాగ్రత్త పడవలసిన కాలము. 2019 సం.న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమమున మన నగరమును చేర్చియుండుట ఈ సంగతికి సాక్ష్యము.

6. మనము చేయదగిన పనులు

వంటిల్లు: కట్టెలు, పిడకలు, ఊక మండించు పొయ్యి పొగను స్త్రీలును చంటిబిడ్డలును గంటల కొలది పీల్చుచున్నారు. గ్యాసు పొయ్యి దొరకిన దానినే వాడవలెను. దొరకనిచో పొయ్యిని ఆరుబయటనో, పొగగొట్టము గల చోటనో ఉంచవలెను. బిడ్డలను పొయ్యి దగ్గర కూర్చుండబెట్టరాదు. మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రాణాపాయము. కార్బన్ మోనాక్సైడునకు రంగుగాని వాసనగాని లేదు. అది నెత్తురులోని ప్రాణవాయువు స్థానము నాక్రమించి నిద్రలోనే చంపును.

ఇల్లు: నీరు చిలుకరించి ఊడ్చుట మన పెద్దల యలవాటు, అది మంచిది. తడిగుడ్డతో తుడుచుట యింకను మేలు. దోమల బత్తి, అగరుబత్తి, సాంబ్రాణి – వీని పొగయు పొగయే. దోమతెర వాడుట మేలు. ఇంటిలో చుట్ట, బీడి, సిగరెట్టు కాల్చువారిని బయటికి పొమ్మని బ్రతిమాలుడు. పెద్దవారిని ఎట్లడుగుదుమని సందేహింపకుడు. “తాతయ్యా, తమ్ముడు దగ్గుచున్నాడు” అన్నచో చాలును.

చెత్త: ఆకులను గోతిలో వేసి యెరువు చేయవలెను. ప్లాస్టికును, రబ్బరును తగులబెట్టుట మహాపాపమని యెంచుడు. వాని పొగలో డయాక్సిన్లు మొదలగు విషములుండును. భోగిమంటలో పాత టైర్లు వేయుట ఇటీవల పుట్టిన దురాచారము. పండుగకు దానితో పనిలేదు.

దారి: పెద్దరోడ్డు ప్రక్కనకంటె ఒక వీధి లోపలి దారిని నడచిన ధూళి తగ్గును. ఆగియున్న బస్సు వెనుక నిలువకుడు.

ముసుగు: చేతిరుమాలును, గుడ్డ ముసుగును ముతక ధూళిని కొంత ఆపును గాని సూక్ష్మధూళిని ఆపజాలవు. ఎన్-95 అను ముసుగు ముఖమునకు సందులేక అమరినచో మాత్రమే పనిచేయును.

ఆహారము: బెల్లము తినినచో ఊపిరితిత్తులలోని ధూళి కడుగబడునని మన పనివారలలో నొక నమ్మకము కలదు. బెల్లము కడుపులోనికి పోవును, ఊపిరితిత్తులలోనికి పోదు. బెల్లము తినవచ్చును గాని దానిని నమ్మి ముసుగు మానరాదు.

ఉబ్బసము: ఇది అంటువ్యాధి కాదు, సిగ్గుపడవలసినదియు కాదు. వైద్యుడు చెప్పిన ఇన్‌హేలరును చెప్పిన రీతిని వాడవలెను. అది అలవాటై విడువజాలమను భయము నిరాధారము. బాగున్నదని తమంతట తామే మానరాదు. ఒక వాక్యము పూర్తిగా పలుకలేనంత ఆయాసము వచ్చినను, పెదవులు నీలమైనను, క్షణమైన నాలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. తోడి విద్యార్థులు నవ్వక, వానిని కూర్చుండబెట్టి, ఉపాధ్యాయునకు తెలుపవలెను.

7. అభ్యాసము

ఒకనాడు సూక్ష్మధూళి 45, ముతక ధూళి 160 గా నున్నవి. సూచిక యెంత? అది యే తరగతి? ఆ నాటి దోషము పొగదియా, దుమ్ముదియా? (సరిచూచుకొనుటకు: 140, మధ్యస్థము, ముతక ధూళి హెచ్చుటచే.)

ముగింపు

మా బడిలో మేమిప్పుడు చేయుచున్నదేమనగా – ఆకులకు రెండు గోతులు త్రవ్వించితిమి. తలవాకిట మంట మానినది. శీతకాలమున డ్రిల్లు సాయంకాలము నాలుగు గంటలకు మార్చబడినది. ప్రతి యుదయమును ఒక విద్యార్థి మండలివారి “సమీర్” యాప్‌లో ఆనాటి సూచికను చూచి వాకిటి నల్లబల్లమీద వ్రాయును. సూచిక 200 దాటిన దినమున పరుగుపందెములుండవు.

ఆ పని మొదట అడిగి తీసికొన్నవాడు ఆ యుబ్బసపు బాలుడే. వానిని సోమరియని మేము పిలిచిన మాటను అందరియెదుటనే ఉపసంహరించుకొంటిమి. వాడు తల వంచుకొని, “ఫరవాలేదండి” అనెను. ఆ మాట మాకు తేలికగా మరపునకు రాదు.

విద్యార్థులారా, బియ్యమును ధనవంతుడు సన్ననివి, పేదవాడు ముతకవి కొనవచ్చును. గాలిని కొనువాడు లేడు. ఒకే వీధిలో నున్నవారందరు ఒకే గాలిని పీల్చెదరు. మన వాకిట పెట్టిన మంట పొరుగింటి బిడ్డకు దగ్గగును. నల్లబల్లమీది యంకెను చూచి జాగ్రత్తపడుట సగము పని మాత్రమే. ఆ యంకెను మన వాకిలినుండి, మన వంటింటినుండి తగ్గింప మొదలుపెట్టుట మిగిలిన సగము. ఆ సగమును మీ చేతులలో నుంచుచు ఈ పాఠమును ముగించుచున్నాము.